తొలిచూలు పేరు

పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు అయ్యాక కుంబో, అత్తగారు అస్తా ఏటి గట్టుకు వచ్చారు. ఎండకాలం కదా, ఏరు మోకాలి లోతు కూడా లేదు. ఇవతల నైజర్, అవతల నైజీరియా. గొడ్లకు ఆ తేడా ఎప్పుడూ తెలియలేదు. పన్నెండు రోజుల కిందట మోటారు సైకిళ్ల మీద ఏరు దాటి వచ్చిన తుపాకుల వాళ్లకూ తెలియలేదు.

ఆ రోజు పాకలు తగలబడుతుంటే, పొగలో కుంబో ఏడేళ్ల కొడుకును "ఒరేయ్… ఒరేయ్!" అని మాత్రమే పిలిచింది. పశువులు కాసే ఫులానీ తెగలో తల్లి తొలిచూలు బిడ్డను పేరు పెట్టి పిలవదు. సిగ్గు. ఆ పేరు వినకూడని వాటి చెవిన పడుతుందన్న భయం కూడా. ఊరంతా అరుస్తుంటే ఏ "ఒరేయ్" తనదో వాడికేం తెలుస్తుంది? బెదిరిన మేకల వెంట ఏరు దాటి పోయాడు. మేకలు తిరిగొచ్చాయి.

"నోరు పెగలడం లేదా? మొగుడి మీద కేకలేస్తే పక్క ఊరికి వినబడేదిగా!" అంది అస్తా. ఆ ఎత్తిపొడుపు సగంలోనే ఏడుపైపోయింది. "ఆ సిగ్గు నేర్పింది నేనే తల్లీ. దేవుడు అడిగితే నేను చెప్పుకుంటాలే. పిలువు."

కుంబో బిస్మిల్లా అనుకుంది. బిడ్డ పుట్టాక మొదటిసారి వాడి పేరు పలికింది.

"జిబ్రిల్లా…"

గట్టు మీద పడుకున్న ఆవులు నెమరు ఆపేశాయి. బురద వాసన… దాని వెనక కాలిన తోలు వాసన.

"జిబ్రిల్లా!"

అవతలి రెల్లు కదిలింది. నీళ్లలో చిన్న అడుగుల చప్పుడు… ఆగింది… మళ్లీ, దగ్గరగా…

వాడే. అదే చొక్కా. కుంబో నీళ్లలోకి ఉరికి చెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉంది. నాడి కొట్టుకుంటోంది. "అల్‌హమ్దులిల్లా" అంటూ గట్టెక్కించింది.

అప్పుడు అవతలి గట్టు నుంచి పిలుపు వచ్చింది.

"జిబ్రిల్లా…"

ఆడగొంతు. ఆ సాగదీత, ఆ వణుకు… కుంబోవే. ఆమె నోరు మూసుకునే ఉంది.

"వినకు నాన్నా," అని గుసగుసలాడింది.

పిల్లవాడు వెనక్కి చూశాడు. మర్యాదగానే వేళ్లు విడిపించుకోబోయాడు.

"వదలండి పిన్నీ… మా అమ్మ పిలుస్తోంది."

"అత్తయ్యా! మీరైనా చెప్పండి వీడికి…"

అస్తా చేతిలోని టార్చి ఎత్తి కోడలి ముఖం మీద వేసింది. చాలాసేపు చూసింది. తర్వాత మనవడి భుజం పట్టి తన వైపు లాక్కుని, మెల్లగా కోడలి నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది.