నీలం చేప జాగా

నాయనమ్మ పోశమ్మకు అలగడం కూడా సరిగ్గా రాదని ప్రియాంక ఫిర్యాదు. అలిగినవాళ్లు అన్నం మానేయాలి. నాయనమ్మ అన్నం రెండుసార్లు వడ్డించుకుని, మాటలు మానేసింది. అదీ ఒక్క ప్రియాంకతోనే.

అలకకు కారణం చేపల తొట్టి. కాజీపల్లి ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ చేసే నాన్న, పటాన్‌చెరులో నదీమ్ దుకాణం నుంచి సిక్లిడ్ అనే రంగు చేపలు తెచ్చాడు. పసుపువి మూడు, నీలం ఒకటి.

"కిటికీ కాడ పెడ్దాం నాన్నా," అంది ప్రియాంక.

అక్కడ నాయనమ్మ కుర్చీ ఉండేది. "జెర సర్దుకో నాయినమ్మా," అంటూ దాన్ని బాత్రూం తలుపు పక్కకు లాగేసింది. అప్పటినుంచి వచ్చేపోయే ప్రతివాళ్లూ నాయనమ్మ మోకాళ్లకు తగులుతున్నారు.

తొట్టిలో పక్కకు పడుకోబెట్టిన చిన్న కుండ ఒకటే ఉంది. నీలం చేప అందులో కాపురం పెట్టి, దగ్గరికొచ్చిన పసుపు చేపనల్లా తరిమేది.

"కుండంత నీకేనా? అందరితోటి సర్దుకో," అని ఆదివారం ప్రియాంక ఆ కుండ తీసేసింది.

సాయంత్రానికి నీలం చేప మిగతావాటిని తొట్టంతా తరుముతోంది. చిన్న పసుపు చేప తోక చిరిగి, ఓ మూల కదలకుండా ఉంది. ప్రియాంక ఏడుపు గొంతుతో నదీమ్‌కు ఫోన్ చేసింది.

"అంకుల్, చేప సచ్చిపోతదేమో. కుండ తీసేసిన."

"ఎందుకు తీసినవ్ బేటా? జాగా పోతే అది పరేషాన్ అయితది. దాని కుండ దానికియ్యి. తక్కిన వాటికి గూడ తలా ఒకటి పెట్టు. తోక చిరిగిన దాన్ని వేరే డబ్బాల ఉంచు, బతుకుతది."

అమ్మ పాత మట్టి కుండీలు కడిగి ఇచ్చింది. "ఈ ఇంట్ల చేపలకైన తలా ఒక రూమ్ దొరికింది," అంది నీరసంగా.

కుండ పెట్టగానే నీలం చేప లోపలికి దూరి, మొహం మాత్రం బయట పెట్టింది. ప్రియాంక వెనక్కి తిరిగి చూసింది. బాత్రూం పక్కన నాయనమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. వెలుతురు చాలక ఒక్కో కాయనూ కళ్ల దగ్గరికి తెచ్చుకుంటోంది.

పొద్దున షిఫ్ట్ నుంచి వచ్చిన నాన్నను ప్రియాంక పడుకోనివ్వలేదు. ఇద్దరూ సగం నీళ్లు తోడి, తొట్టిని టీవీ పక్కకు జరిపారు. నాన్న గోడకు ఒరిగి అక్కడే నిద్రపోయాడు. ప్రియాంక కుర్చీని కిటికీ దగ్గరికి తెచ్చింది.

నాయనమ్మ కూర్చుంది. మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"నిన్ను అడగకుంట జరిపిన. తప్పు నాదే," అని ప్రియాంక గొణిగింది.

"ఏందో, చెవుల పడలే," అంది నాయనమ్మ. పక్కింటి కుక్కర్ విజిల్స్ కూడా వినిపించే చెవులు అవి.

నాన్న ఉలిక్కిపడి లేచేంత గట్టిగా ప్రియాంక చెప్పింది. "తప్పు నాదే నాయినమ్మా."