బీట పడ్డ బట్టీ

కారంపూడి నుంచి గురజాల పోయే బండ్లబాట పక్కన, ఊరి చివర, ఒక సున్నపు బట్టీ ఉండేది. దీపాలు పెట్టే వేళ దాటితే ఆ దారిన మనిషి నడిచేవాడు కాదు. ఎద్దులు కూడా అక్కడికొచ్చి మొరాయించేవంట — చెవులు రిక్కించి, కాలు కదపకుండా...

ఎందుకంటే ఆ బట్టీ ఏడ్చేది.

గట్టిగా కాదు. కొంగు నోట్లో కుక్కుకుని ఆడమనిషి ఏడ్చినట్టు. సన్నగా, ఆగి ఆగి.

ఇదంతా నాకు బసవమ్మత్త చెప్పింది. మిరపకాయలకి తొడిమలు తీస్తా, తల ఎత్తకుండా చెప్పింది. ఆ బట్టీ ఇంటికి రెండో పెళ్ళాంగా వచ్చిన మనిషి ఆమే. అది రెండో ప్రపంచ యుద్ధం నడిచే కాలం. సిమెంటు మామూలు జనానికి దొరికేది కాదు. ఇల్లు కట్టుకునే ప్రతివాడికీ సున్నమే దిక్కు. అందుకని ఆమె మొగుడు హనుమయ్య బట్టీ ఆరకుండా మండేది. రాయి ఒక వరస, బొగ్గు ఒక వరస పేర్చి పొద్దుగూకేలోపు కూలోళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. రాత్రంతా అది తనంతట తానే కాలేది.

ఇల్లూ బట్టీ ఒకదానికొకటి ఆనుకునే ఉండేవి. బట్టీ వీపే ఇంటి వెనకగదికి గోడ. చలికాలం ఆ గోడ పక్కన పడుకుంటే దుప్పటి అక్కర్లేదు. "హనుమయ్య ఇంట్లో ఆడాళ్ళకి ఎంత సుఖమే!" అని ఊళ్ళోవాళ్ళు కుళ్ళుకునేవాళ్ళు.

ఆ సుఖంలోనే ఆయన మొదటి పెళ్ళాం సీతారావమ్మ పోయింది. పుష్యమాసంలో ఒక రాత్రి చలికి కిటికీ మూసుకుని, ఒక్కతే ఆ గోడకి ఆనుకుని పడుకుంది. తెల్లారి లేవలేదు. ఒంటి మీద గాయం లేదు, నోట నురగ లేదు. మొహం కూడా ఎర్రగా, కళగా... నిద్రపోయినట్టే ఉందంట.

బట్టీ ఏడుపు ఆ తర్వాతే మొదలైంది.

"ఏడుపు కాదు అబ్బాయా, దాని వీపు బీట వారింది," అన్నాడు పోలయ్య హనుమయ్యతో. ఆ బట్టీ కట్టింది ఆ ముసలాయనే. "చల్లార్చి, మన్నంతా ఊడగొట్టి, రాయి మార్చి కట్టాల."

"ఎన్నాళ్ళు ఆపాల మామా?"

"చల్లారటానికే చానా రోజులు పట్టుద్ది. కట్టాక ఆరటానికి ఇంకొన్ని."

"అన్నాళ్ళు ఆపితే కూలోళ్ళు పక్క బట్టీకి పోరూ? ఈ విడత కాల్పు కానీ, చూద్దాం."

"పైన మన్ను మెత్తితే మన కంటికి కనపడదు గానీ, బీట ఏడికి పోద్ది? ఇవాళ రాయితో పోయేది, రేపు ఏం అడుగుద్దో..."

హనుమయ్య వినలేదు. ఆ కాల్పు పోయి ఇంకో కాల్పు వచ్చింది. బీట కనపడ్డప్పుడల్లా ఆయనే గదిలోనుంచి ఇంత బంకమన్ను మెత్తేవాడు.

బసవమ్మత్త కాపరానికి వచ్చింది. ఏడాది తిరక్కుండా ఆడపిల్లని కన్నది. మళ్ళీ పుష్యమాసం వచ్చింది, ఏడుపు ఎక్కువైంది.

పక్కింటి రోశమ్మ ఒకనాడు చెవిలో ఊదింది — "ఏమే కోడలా, నీ సవతి చూపు చంటిదాని మీద పడిందే. ఆ కిటికీలోంచే తొంగి చూస్తది. మూయించెయ్."

హనుమయ్య కిటికీకి తాటాకు కట్టి, దాని మీద పేడ కలిపిన మన్ను మెత్తాడు. గుమ్మానికి వేపమండలు కట్టాడు. తలుపు సందుల్లో గుడ్డపీలికలు కుక్కించాడు. దెయ్యం దూరటానికి చీమంత సందు లేకుండా చేశారు, పాపం.

ఆ సాయంత్రమే ఆయన సున్నం బండ్లతో నరసరావుపేట పోయాడు.

బసవమ్మత్త చంటిదాన్ని పొదువుకుని వెచ్చటి గోడ పక్కన పడుకుంది. మూల గంప కింద కోడిపెట్ట, దాని పిల్లలు. బయట గాలి లేదు. ఆకు కదలటం లేదు. దీపం మాత్రం ఎందుకో చిన్నదైపోతా ఉంది...

ఏడుపు మొదలైంది.

ఆ రాత్రి అది బట్టీలోంచి వచ్చినట్టు లేదంట. చెవి పక్కనే — గోడలోంచి.

"రామ రామ అనుకుందామంటే నోరు తిరగలేదే," అంది అత్త నాతో. "తల బండలాగా ఉంది. కాళ్ళు నావి కావు. చిత్రం ఏందంటే, భయం కూడా వెయ్యలేదు. ఏదో హాయి... అట్టాగే నిద్రలోకి జారిపోతన్నా."

అప్పుడు ఏడుపు ఆగింది.

"ఏమే... లే."

అత్త కళ్ళు తెరవలేకపోయింది.

"బిడ్డని తీసుకుని బయటికి పో..."

కాసేపు పడుకోనీ అక్కా — అనుకుంది అత్త మనసులో.

చెంప ఛెళ్ళుమంది.

చల్లటి చెయ్యి. బావిలోంచి తీసినట్టు. అత్త ఉలిక్కిపడి లేవబోయింది, కాళ్ళు నిలవలేదు. పిల్లని ఒక చేత్తో రొమ్ముకి అదుముకుని పాకింది. గడియ దొరకలేదు... దొరికింది. గడప దాటి మంచులో పడింది. పిల్ల ఏడవటం లేదు. బోర్లా వేసుకుని వీపు చరిచింది. చరిచింది... చరిచింది...

చివరికి కేరుమంది.

పొద్దున్నే నిప్పు చూడటానికి వచ్చిన పోలయ్య గదిలోకి పోయి గంప ఎత్తాడు. పెట్టా పిల్లలూ అన్నీ చచ్చి ఉన్నయ్. నిద్రపోయినట్టే.

బండి దిగిన హనుమయ్య సంగతి విని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "ఇంత కట్టుదిట్టం చేసినా వచ్చిందే దెయ్యం!"

"దెయ్యం కాదు, బొగ్గు గాలి," అన్నాడు పోలయ్య. "కంటికి కనపడదు, వాసనుండదు. ఆ బీటలోంచి గదిలోకి దిగుద్ది. ఇన్నాళ్ళూ కిటికీలోంచి కాస్తన్నా బయటికి పోయేది. దాన్ని కూడా మూశారు. దెయ్యం రాకూడదని యముణ్ణి లోపలే పెట్టి గడియేసుకున్నారు గదరా!"

"అయితే... సీతారావమ్మ కూడా..."

పోలయ్య తలూపాడు.

"మరి ఏడుపో?" అంది అత్త.

"సన్న బీటలోంచి ఆవిరి తన్నుకొస్తే ఈల వేస్తది తల్లీ."

"మరి ఇదేందయ్యా?" అని అత్త చెంప తిప్పింది.

అయిదు వేళ్ళూ, అరచెయ్యీ ఎర్రగా తేలి ఉన్నయ్. అరచేతి మధ్యలో మాత్రం, బొటనవేలి మొదలునుంచి చిటికెనవేలి దాకా, ఏటవాలుగా ఒక తెల్లగీత. ఆ గీత మేర దెబ్బ తగల్లేదు.



బట్టీ ఆపారు. కూలోళ్ళు పక్క బట్టీకి పోనేపోయారు. అప్పులోళ్ళు ఎద్దుల జతని కూడా ఇంట్లోంచి తోలుకుపోయారు.

చల్లారాక పోలయ్య గదిలోనుంచి మన్ను ఊడగొట్టటం మొదలుపెట్టాడు. హనుమయ్య మెత్తిన పూతలు పెచ్చులుపెచ్చులుగా రాలినయ్. అన్నిటికీ అడుగున, కట్టిననాటి సున్నపు గార.

దాని మీద ఒక చెయ్యి.

కొత్త బట్టీ అంటించే ముందు ఇంటి ఇల్లాలు తడిగార మీద అరచెయ్యి ఆనించటం వాళ్ళ ఆనవాయితీ. అది సీతారావమ్మ చెయ్యి. బీట సరిగ్గా దాని మధ్యలోంచి పోయింది — బొటనవేలి మొదలునుంచి చిటికెనవేలి దాకా... ఏటవాలుగా.

ప్రతి కాల్పుకీ హనుమయ్య మన్ను కప్పింది ఆ చేతి మీదే మరి.

"రాయి మారిస్తే ఇది పోద్దమ్మా," అన్నాడు పోలయ్య మెల్లగా.

అత్త ఆ చేతి మీద దుమ్ము తుడిచింది. "ఇది పోతే... ఇంక మమ్మల్ని ఎవరు లేపుతారు?"

"కిటికీ తెరిచి పెట్టుకోండి."

గోడ కట్టారు. ఆ బట్టీ మళ్ళీ ఏడవలేదు. అత్త బతికినన్నాళ్ళూ ఎంత చలైనా ఆ కిటికీ మూయలేదు.

నిప్పు అంటించే ముందు ఆనవాయితీ ప్రకారం తడిగార మీద చెయ్యి పెట్టింది మాత్రం బసవమ్మత్తే. పాత చెయ్యి ఉన్న చోటే, వెతికి మరీ పెట్టింది. బట్టీ చల్లారి చానా రోజులైంది. రాళ్ళు మంచులాగా ఉన్నయ్.

ఈ మాట చెప్పేటప్పుడు అత్త తొడిమలు తీయటం ఆపింది. కుడిచెయ్యి తెరిచి కాసేపు చూసుకుంది.

"గార వెచ్చగా ఉందే," అంది. "అవతల్నించి ఎవరో... నా చేతికి చెయ్యి ఆనించినట్టు."