మేస్త్రి ఇంటి వెనక గది

తెల్లవారేసరికే ఇల్లంతా సున్నం వాసన. కూతురు ముక్కు మూసుకుని మెట్లు దిగి వచ్చింది. వెనక గదిలో తండ్రి గోడకు వెల్ల వేస్తున్నాడు. ఈ ఏడాది ఆ గోడకు ఇది మూడోసారి.

"మిగతా ఇల్లంతా వదిలేసి దీని మీదే పడ్డావేంటి నాన్నా?"

మేస్త్రి కుంచె మళ్లీ వెల్లలో ముంచాడు. ఆయన రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అందులో మూడు తాపీ గురించే ఉంటాయి.

కూతురు జిరాక్స్ షాపులో పనిచేస్తుంది. వీధిలో అందరూ ఆమెను పేజీ అమ్మాయి అంటారు. వారానికోసారి, శుక్రవారం పొద్దున, ఒక కాగితం ఇంటింటికీ పంచుతుంది. అందులో ఏ ఇల్లు అమ్మకానికి వచ్చిందో, ఏ వాటా ఖాళీ అయిందో, కుళాయి ఎన్నింటికి వస్తుందో ఉంటుంది. అమ్మేవాళ్లు చెప్పింది చెప్పినట్టు ఆమె రాయదు. స్వయంగా వెళ్లి చూస్తుంది. గోడ తట్టి చూస్తుంది. డాబా మీద నీళ్లు పోసి చూస్తుంది. గచ్చు మీద గోళీ వదులుతుంది. గోళీ నిలబడితే నేల మట్టంగా ఉన్నట్టు. దొర్లితే ఎటు దొర్లిందో రాసేస్తుంది. కొనేవాళ్లు ముందు ఆ కాగితం చదివి, ఆ తరవాతే తలుపు తడతారు. అమ్మేవాళ్లలో కొందరు ఆమెను చూస్తే ముఖం తిప్పుకుంటారు.

ఈ వారం కాగితంలో తమ ఇల్లే ఎక్కాలి. వంటిల్లూ పడకగదీ పైన, హాలూ వెనక గదీ కింద. తల్లికి మోకాళ్లు పట్టేశాయి. పదిహేను మెట్లు ఎక్కాలంటే మధ్యలో రెండుసార్లు కూర్చుంటోంది. వీధి చివర మెట్లు లేని ఇల్లొకటి అమ్మకానికి ఉంది. ఆ ఇంటాయన ఆదివారం దాకా ఆగుతానన్నాడు. ఈ ఇంటిని చూడడానికి ఒక నర్సు, ఆమె భర్త శుక్రవారం పొద్దున వస్తున్నారు. వాళ్లకు నచ్చితే తల్లి మెట్ల బాధ తీరుతుంది.

కూతురు హాల్లో కూర్చుని రాయడం మొదలుపెట్టింది. తల్లి మెట్ల మీద ఆగి అడిగింది.

"ఏం రాస్తున్నావే?"

"మన ఇల్లు. కట్టినవాడు మేస్త్రి, ఉన్నవాడూ మేస్త్రే. ఇంకేం రాయాలి?"

"ఊరందరి ఇళ్లల్లో గోళీ దొర్లించావు. మనింట్లో ఎప్పుడైనా దొర్లించావా?"

తల్లి నవ్వుతూనే అంది. కూతురూ నవ్వింది. పుట్టి పెరిగిన ఇంట్లో గోళీ పెట్టాలన్న ఆలోచనే ఆమెకు ఎన్నడూ రాలేదు. జేబులోంచి గోళీ తీసి హాల్లో వదిలింది. నిలబడింది. వెనక గదిలోకి వెళ్లింది. తండ్రి వెల్ల బకెట్టు కడగడానికి బయటకు వెళ్లాడు. గది మధ్యలో గోళీ వదిలింది.

గోళీ ఒక్క క్షణం ఆగి కదిలింది. తిన్నగా బీరువా కిందికి పోయింది.

మళ్లీ వదిలింది. మళ్లీ అటే పోయింది. బీరువాకు భుజం ఆనించి జానెడు జరిపింది. మూలన గచ్చు బెత్తెడు లోతున కుంగి ఉంది. గోడకూ నేలకూ మధ్య బీటను కొత్త సిమెంటుతో పూడ్చారు. సిమెంటు ఇంకా తడిగానే ఉంది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో తండ్రి ఉన్నాడు.

"బీరువా వెనక్కి జరిపెయ్యి."

"ఇది ఎప్పటినుంచి నాన్నా?"

"జరిపెయ్యమన్నాను."

"జరుపుతాను. రాస్తాను కూడా."

"రాయకు."

"మన వీధి కార్పెంటర్ పిన్ని ఇంటికి చెద పట్టిందని రాశాను. ఆర్నెల్లు ఆ ఇల్లు ఎవరూ కొనలేదు. ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది. అప్పుడు నువ్వేమన్నావు? ఉన్నది రాశావు, తప్పేముందన్నావు."

"అది వేరు."

"ఎలా వేరు?"

మేస్త్రి బకెట్టు కింద పెట్టాడు. వీధిలో సగం గచ్చులు ఆయన చేతి మీదుగా పోసినవే. మేస్త్రి గచ్చు మీద గోళీ పెడితే రాత్రంతా అక్కడే పడుకుంటుందని జనం చెప్పుకునేవారు. ఆ మాట ఆయన చెవిన పడినప్పుడల్లా తల వంచుకునేవాడు. అంతగా ఇష్టమైన మాట అది.

"నా పేరు పోతుంది," అన్నాడు చివరికి. "మీ అమ్మకి ఆ ఇల్లూ పోతుంది. ఆలోచించుకో."

"వాళ్లు రేపు కొని, ఎల్లుండి ఇక్కడ మంచం వేసుకుంటే? నేల కుంగితే? నీ పేరు అప్పుడు ఉంటుందా?"

"నా ఇంట్లో ఉండి నా మీదే రాస్తావా?"

"నీ ఇంట్లో ఉన్నాను కాబట్టే రాయాలి. లేకపోతే ఇన్నాళ్లూ రాసినదంతా దండగ."

తల్లి గోడ పట్టుకుని గదిలోకి వచ్చింది. వంగలేదు కాబట్టి నిలబడే చూసింది. బీరువా వెనక మూలను చూసింది. తడి సిమెంటును చూసింది. 

"ఈ గదిలో వంటిల్లు పెట్టమని పదేళ్లుగా అడుగుతున్నాను," అంది. "గచ్చు తవ్వి నీళ్లు పోవడానికి తూము వెయ్యాలి, కుదరదన్నారు. ప్రతిసారీ అదే మాట. గచ్చు తవ్వితే ఇది బయటపడుతుందనా?"

మేస్త్రి తల ఎత్తలేదు.

"అందుకనా నన్ను పదేళ్లు మెట్లెక్కించారు?"

ఆమె గొంతు పెంచలేదు. ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వెళ్లిపోయింది. మధ్యలో రెండుసార్లు కూర్చున్న చప్పుడు కింద ఇద్దరికీ వినబడింది.

మధ్యాహ్నం షాపులో కూతురు కాగితం వేసింది. "మేస్త్రి ఇల్లు. కింద వెనక గదిలో ఈశాన్యం మూల బెత్తెడు కుంగింది. పైకి కనబడదు. బీరువా జరిపి చూసుకోవాలి." ఒక్క ముక్క కూడా కొట్టెయ్యలేదు. అరవై రెండు కాపీలు తీసింది. సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి తండ్రి అరుగు మీద ఉన్నాడు. ఆమె ఒక కాపీ ఆయన పక్కన పెట్టింది.

"పంచకముందే నువ్వు చదవాలని తెచ్చాను. వద్దన్నా పంచుతాను."

ఆయనకు చదువు అంతంత మాత్రం. కూడబలుక్కుంటూ చదువుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు తొమ్మిదింటికి నర్సు, ఆమె భర్త వచ్చారు. తల్లి కుర్చీలు వేసింది. కూతురు సంచిలోంచి ఒక కాగితం తీసి చేత్తో పట్టుకుంది. ఇవ్వబోయేలోపే వెనక గదిలోంచి బీరువా ఈడ్చిన చప్పుడు వచ్చింది. ఆ వెంటే దబ్బుమని ఇంకో చప్పుడు.

అందరూ అటు కదిలారు. మేస్త్రి పంచె ఎగగట్టి గునపంతో మూల గచ్చు పగలగొడుతున్నాడు. పెళ్లలు పక్కకు లాగి, గునపం గుంటలో దించాడు. అది మూరెడు లోతుకు సులువుగా దిగిపోయింది.

"చూడండమ్మా," అన్నాడు నర్సుతో. "ఇల్లు కట్టేటప్పుడు సున్నం నానబెట్టిన గుంట ఇది. మట్టి పొరలు పొరలుగా వేసి, నీళ్లు పెట్టి, మట్టి గట్టిపడేదాకా మూడు రోజులు దిమ్మిస కొట్టాలి. వానలు పైనబడ్డాయి. నా భార్యకు నెలలు నిండాయి. బిడ్డను ఏ కప్పు కిందకు తేవాలో తెలియలేదు. మూడు రోజుల పని ఒక్క పూటలో చేసి గచ్చు పోసేశాను."

అన్ని మాటలు ఆయన ఒక్కసారిగా మాట్లాడగా ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. కూతురు చేతిలోని కాగితం నలిగిపోయింది. తను పుట్టి మొదట పడుకున్నది ఈ గదిలోనే. ఎవరి కోసం ఆ తొందరో ఇప్పుడు తెలిసింది. 

"ఇంకొకరైతే బీరువా అడ్డం పెట్టి ఊరుకునేవారు," అంది నర్సు.

"పెట్టానమ్మా. పదేళ్లు పెట్టాను."

నర్సు భర్త వంగి గుంటలోకి చూశాడు. "బాగుచేసి ఇస్తారా? అయితే మేం తీసుకుంటాం. మిగతా ఇల్లు మాకు నచ్చింది."

కూతురు తల్లి వైపు చూసింది. అంతా సవ్యంగా కుదిరినట్టే. మేస్త్రి మాత్రం అడ్డంగా తలూపాడు.

"బాగుచేస్తాను. బాగుచేశాక ఇక ఈ ఇల్లు అమ్మే పని లేదు. మిమ్మల్ని శ్రమ పెట్టాను, ఏమనుకోకండి. కార్పెంటర్ వాళ్ల ఇల్లు చూడండి. చెద పట్టిన దూలాలన్నీ తీయించేశారు. కొత్తవి నేనే దగ్గరుండి ఎక్కించాను."

కూతురు లోపలినుంచే కార్పెంటర్ ఇంటికి దారి చెప్పింది. వాళ్లు గుమ్మం దాటగానే తల్లి అంది.

"అమ్మే పని లేదని మీరే చెప్పేశారు. నన్నడిగారా?"

"లేదు."

"మెట్లు ఎవరు ఎక్కాలి? వీధి చివర ఇల్లు ఏమవ్వాలి?"

మేస్త్రి గునపం గోడకు ఆనించాడు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు. భార్య ముఖంలోకి చూశాడు, అలా చూసి ఎన్నాళ్లయిందో.

"ఇప్పుడు అడుగుతున్నాను. ఈసారి మూడు రోజులూ దిమ్మిస కొడతాను. తూము వేసి, కొత్త గచ్చు పోస్తాను. వంటిల్లు ఇక్కడ, మంచం హాల్లో. నెల తిరిగేలోపు నువ్విక మెట్లెక్కక్కర్లేదు. నీకు ఈ గది వద్దంటే, ఆ ఇంటాయన కాళ్లు పట్టుకుని ఇంకో నెల ఆగమంటాను. నీ ఇష్టం."

ఆమె గది నాలుగు వైపులా చూసింది. కూతురు ఏదో అనబోతే చేత్తో ఆపింది.

"మెట్లెక్కిన పదేళ్లు చెరిగిపోవుగా," అంది.

"పోవు."

"నా మోకాళ్లు తిరిగి రావుగా."

"రావు," అన్నాడు మేస్త్రి. బొగ్గుముక్క చేతిలోకి తీసుకున్నాడు. "పొయ్యి ఏ గోడకు పెట్టాలో చెప్పు."

ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది.

బయట అరుగు మీద కూతురు కాపీలన్నీ ముందేసుకుంది. ఒక్కొక్క దాని మీదా పెన్నుతో రాయసాగింది. కుంగిన మూల మాట అలాగే ఉంచింది. దాని కింద మాత్రం "కట్టినవాడే తవ్వుతున్నాడు. అమ్మకానికి లేదు" అని చేర్చింది. అరవై సార్లు రాయాలి. విసుగు అనిపించలేదు.

లోపల మేస్త్రి బొగ్గుముక్కతో గోడ మీద గీత గీశాడు. తల్లి మాట కూతురికి స్పష్టంగా వినబడింది.

"అక్కడ కాదు. కిటికీ వైపు జరపండి. ఇంకాస్త. ఇంకాస్త."