చూసిన గోడ, అనుకున్న గోడ

"కప్పులు విరుగుతున్నాయంటే గోడకు చీటీలు అంటించమంటారేంటి మేడమ్? జిగురు పెడితే అతుక్కుంటాయనా?"

గది గొల్లుమంది. అడిగినవాడు కప్పులు కాల్చే బట్టీకి ఇన్‌ఛార్జ్. తలుపు పక్క కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ట్రైనర్‌కు చెవులు వేడెక్కాయి. వాళ్ళింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమె. ఒంటరిగా నడుపుతున్న మొదటి వర్క్‌షాప్ ఇది.

"అతుక్కోవండీ. కానీ ఎవరి మీద పడితే వాళ్ళ మీద నింద అంటించకుండా ఉంటాం," అంది.

ఆ పింగాణీ ఫ్యాక్టరీలో కొన్నాళ్ళుగా కప్పుల పిడులు ఊడిపోతున్నాయి. అది ప్యాకింగ్ ఆడవాళ్ళ నిర్లక్ష్యమేనని మేనేజర్ నమ్మకం. రెండు వారాల్లో వేరే కారణమేదీ తేలకపోతే ప్యాకింగ్ పని బయటివాళ్ళకు ఇచ్చేస్తానన్నాడు. అంటే అందరూ పెద్దమ్మా అని పిలిచే ఆ విభాగపు పాత మనిషి, ఆమెతో పాటు మిగతా ఆడవాళ్ళు ఇంటికే.

ఆ కారణం తేల్చడానికి వచ్చిన ట్రైనర్ పద్ధతి సులువు. ఒక గోడ కళ్ళతో చూసినవాటికి, ఎదురు గోడ అనుకున్నవాటికి. ఎవరైనా చీటీ రాసి అంటించవచ్చు. 'ఎక్కడ చూశావు?' అని ఎవరైనా అడగవచ్చు. జవాబు లేకపోతే చీటీ గోడ మారాలి. 'ప్యాకింగ్‌వాళ్ళు కప్పులు విసిరేస్తారు' అన్న చీటీ మొదటి రోజే, రాసినవాడు నీళ్ళు నమలడంతో, గోడ మారింది.

బట్టీ ఇన్‌ఛార్జ్ మాత్రం ప్రతిదానికీ ఓ అడ్డు ప్రశ్న వేసేవాడు. ఆమె ఓపికగా అతని వైపు తిరిగి విడమరిచి చెప్పేది. అంతా విని, వర్క్‌షాప్ మధ్యలో లేచి చక్కా పోయేవాడు. పోతూ గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి చూసేవాడు. ఆ చూపు ఇంటికెళ్ళాక కూడా గుర్తొచ్చేది. అతని మీద కోపం వల్లేలే అని ఆమె తనకు తానే సర్దిచెప్పుకునేది.

గడువు రేపటితో ముగుస్తుందనగా అతను మళ్ళీ లేచిపోయాడు. ఆమెకు ఒళ్ళు మండింది. 'బట్టీ ఇన్‌ఛార్జ్‌కి ఈ పనంటే లెక్కలేదు' అని రాసి, చూసిన గోడకు టపీమని అంటించింది.

పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఎక్కడ చూశావు తల్లీ?"

"రోజూ మీ ముందేగా లేచిపోతున్నాడు!"

"పోవడం చూశాం. ఎక్కడికి పోతాడో చూశావా?"

ఆమె గుమ్మం వైపు చూసింది.

"మార్చండి మేడమ్, మార్చండి!" వెనక బెంచీ నుంచి చప్పట్లు.

మార్చింది. "పదండి, చూసే వద్దాం," అంది.

బట్టీ వెనక అతను గొంతుక్కూర్చుని, చల్లారిన కప్పులను ఒక్కొక్కటే వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు. కొన్ని ఖంగుమంటున్నాయి. కొన్ని బొంగురుగా పలుకుతున్నాయి.

"ఇవింకా ప్యాకింగ్ మొహం చూడలేదు," అన్నాడు అందర్నీ చూసి తడబడుతూ. "అయినా పిడి దగ్గర వెంట్రుకంత పగులు. బట్టీ చల్లారకముందే తలుపు తెరిస్తే చల్లగాలి తగులుతోంది. ఆ తర్వాత ఎవరి చెయ్యి తగిలినా ఊడుతుంది."

"ముందే తెరిపిస్తున్నదెవరు?" అడిగింది ట్రైనర్.

"నేనే. సరుకు తొందరగా పంపాలని." చేతిలో కప్పు కింద పెట్టాడు. "నిన్న ఆలస్యంగా తెరిపించా, ఒక్కటీ చెడలేదు. ఇవాళ మళ్ళీ ముందే తెరిపించి చూశా. ఒక్కసారి చూసి చెప్తే మీరు ఊరుకోరుగా!"

మేనేజర్ ముందు కూడా అదే మాట చెప్పాడు. మేనేజర్ అరిచి, మెమో ఇచ్చాడు. ప్యాకింగ్ పని ప్యాకింగ్‌వాళ్ళకే ఉండిపోయింది. పెద్దమ్మ అతనికి ఒక మొట్టికాయ వేసి, అదే చేత్తో తల నిమిరింది.

సాయంత్రం గేటు దగ్గర ట్రైనర్‌ని, అతన్ని వాన ఒకే రేకు కిందికి తరిమింది.

"నేనంటే మీకు పడదనుకున్నాను," అందామె.

"అయ్యో! ఎందుకండీ?"

"ప్రతిదానికీ అడ్డం తగిలారు కదా."

"అడిగితేనే కదా మీరు నా వైపు తిరుగుతారు!" అతను వానకేసి చూస్తూ అన్నాడు. "సగం ప్రశ్నలు తెలిసే అడిగాను."

"మిగతా సగం?"

"నిజంగానే అర్థం కాలేదు."

ఆమె పకపకా నవ్వింది. అతను నవ్వలేదు.

"రేపటితో మీ పని అయిపోతుంది. నాకు మీరంటే ఇష్టం. ఊరికే అంటున్నది కాదు. మీ ఇంటికొచ్చి పెద్దవాళ్ళతో మాట్లాడనా?"

ఆమె ఫోన్ తీసి అమ్మకు కలిపింది. ఉన్నదున్నట్టు చెప్పింది. తనకూ ఇష్టమేనన్న మాట దగ్గర మాత్రం గొంతు బాగా తగ్గించింది. తగ్గించినా అతనికి వినబడింది.

"ఇంతకీ ఏం చేస్తాడే ఆ అబ్బాయి?" అడిగింది అమ్మ.

ఆమె అతని వైపు చూసింది. మెమో తడవకుండా చొక్కా లోపల దాచుకుంటున్నాడు.

"తన తప్పు తనే పట్టుకుని, నలుగురిలో నిలబడి చెప్పాడమ్మా."



"మీ నాన్న ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారీ ఆ పని చేయలేదు," అంది అమ్మ. "ఆదివారం తీసుకురా. మీ నాన్నని పక్కనే కూర్చోబెడతాను."