తలుపు ఎక్కడ పెడతారు?

యూనివర్సిటీ వెనక గోడను ఆనుకుని ఉన్న సందులో ఆమెను అందరూ ప్లాన్లమ్మ అనేవారు. నగరపాలక సంస్థలో ఉద్యోగం. చంకలో చుట్టిన మ్యాపులు పెట్టుకుని రెండేళ్ళుగా ఆ సందులోనే చెప్పులరిగేలా తిరుగుతోంది మరి.

ఒకప్పుడు అక్కడ కుటుంబాలుండేవి. చదువుకునే పిల్లలు పెరిగేసరికి ఇళ్ళవాళ్ళకు ఆశ పుట్టింది. హాలుకు ప్లైవుడ్ అడ్డం కొట్టి రెండు గదులు, వంటింటికి అడ్డం కొట్టి రెండు గదులు, వాటికీ మళ్ళీ అడ్డాలు. చివరికి కాళ్ళు చాపుకుంటే గోడకు తగిలే గూళ్ళు మిగిలాయి. తర్వాత యూనివర్సిటీ సొంతంగా హాస్టళ్ళు కట్టుకుంది. పిల్లలు వెళ్ళిపోయారు. సందు పాడుబడింది.

మొత్తం కూల్చేసి దుకాణాలు కట్టాలని పైవాళ్ళ పట్టు. ఇళ్ళు బాగుచేసి మళ్ళీ మనుషుల్ని తేవాలని ఆమె పట్టు. కాళ్ళావేళ్ళా పడి వాళ్ళను ఒప్పించుకుంది. కొలతలన్నీ అయ్యాయి, మూల మీది ఇల్లు తప్ప. మర్నాడు మీటింగ్. ఆ ఒక్క ఇల్లూ లేకపోతే ప్లాను బుట్టదాఖలే.

అందుకే వాన వెలిసిన ఆ సాయంత్రం తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళింది. వాడు సర్వే ఇంజనీరు. అక్క మాటంటే వాడికి వేదం.

వీధిలో కరెంటు లేదు. ముందుగదిలో ఇంటావిడ కొవ్వొత్తి వెలిగిస్తోంది.

"లోపల పిల్లలెవరూ లేరు కదండీ?" అడిగింది ప్లాన్లమ్మ.

"అందరూ ఖాళీ చేశారనే అనుకుంటున్నానమ్మా," అంది ఇంటావిడ. "అప్పుడప్పుడు లోపల మంచం జరిపిన చప్పుడవుతుంది. నేను లేచి చూడను."

తమ్ముడు నవ్వాడు. "ఎలుకలకు మంచాలు కూడా ఇచ్చారన్నమాట!" కొలత టేపు చుట్ట అక్క చేతిలో పెట్టి, కొస తను పట్టుకుని, సెల్‌ఫోన్ వెలుతురులో లోపలికి వెళ్ళాడు.

ఆమె గుమ్మంలో నిలబడింది. లోపలినుంచి తడిసిన అట్టల వాసన, ముక్కిన చెక్క వాసన. చూరునుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా రాలుతున్నాయి. చేతిలో చుట్ట మెల్లగా తిరుగుతోంది.

తిరుగుతూనే ఉంది.

"అయిపోయిందట్రా?"

"ఇంకో గది ఉందక్కా."

చిన్న ఇల్లది. వెనకగోడ దాటితే యూనివర్సిటీ ఆటస్థలం. అయినా చుట్ట తిరుగుతూనే ఉంది.

"ఒరేయ్, వెనక్కి వచ్చెయ్!"

"ఇంకోటి కూడా ఉందక్కా..." గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

టేపు మొత్తం అయిపోయి ఒక్క గుంజు గుంజింది. ఆమె చుట్ట వదిలేసి ఫోన్ లైటు వేసుకుని లోపలికి పరుగెత్తింది. ఒక తలుపు. ఇంకో తలుపు. ఉత్త మంచాలు, గోడలకు మేకులు. చివరిగదిలో టేపు నేలమీద సాగి ఎదురుగా ఉన్న ప్లైవుడ్ అడుగున దూరింది. అక్కడ తలుపు లేదు.

"తమ్ముడూ!"

"గట్టిగా అరవకక్కా." చెక్క వెనకే ఉన్నాడు. గుసగుసగా అంటున్నాడు. "ఇక్కడ చాలామంది ఉన్నారు. నిలబడే ఉన్నారు. కూర్చోడానికి చోటు లేదు."

ఆమె మూలనున్న ఇనప కడ్డీతో ప్లైవుడ్ పెకలించింది. వెనక ఇటుక గోడ. టేపు ఇటుకల సందులోకి పోయింది. పిచ్చిపట్టినట్టు కొట్టింది. ఇటుకలు రాలాయి. కన్నంలోంచి చల్లగాలి, తడిసిన గడ్డి... ఆటస్థలం. అటు మనిషి లేడు. టేపు లేదు.

వాడి గొంతు మాత్రం గోడలోనే ఉంది.

"అక్కా... ఊపిరాడట్లేదు."

చేతులతో పీకింది. గోళ్ళు చిట్లి నెత్తురొచ్చింది. "నా తండ్రీ, నా మాట విను, ఇటు రా, నా గొంతు వెంబడే ఇటు రా..."

"రానివ్వట్లేదు. వీళ్ళు నిన్ను ఒకటి అడగమంటున్నారు."

"ఏమిట్రా?"

"కొత్త ప్లానులో... తలుపు ఎక్కడ పెడతావని."

ఆమె ఆలోచించలేదు. ఎవరైనా ఏం ఆలోచిస్తారు? "ఎక్కడ కావాలంటే అక్కడ పెడతాను! ఎన్ని కావాలంటే అన్ని! వాణ్ణి వదలండి, మీకు దణ్ణం పెడతాను!"

గోడ నిశ్శబ్దమైపోయింది. ఎంత పిలిచినా పలకలేదు. గోడకు తల బాదుకుంటూ ఎంతసేపు ఏడ్చిందో... ఫోన్ మోగింది. అమ్మ.

వాడి గురించి అడిగితే ఏం చెప్పాలి? నెత్తురు వేళ్ళతోనే ఎత్తింది.

"ఎక్కడికెళ్ళావే? వాణ్ణి దింపి గుమ్మంలోంచే వెళ్ళిపోయావు. లోపలికి రమ్మంటే పలకవేం?"

"ఎవరు... ఎవర్ని దింపారమ్మా?"

"నువ్వే కదటే! వాన వెలిసినా తడిసి ముద్దయి వచ్చారు ఇద్దరూ. వాడు భోంచేస్తున్నాడు."

ఇంటికి ఎలా చేరిందో ఆమెకే తెలియదు. తమ్ముడు కంచం ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె వాడి మొహం తడిమింది, భుజాలు తడిమింది. వెచ్చగా ఉన్నాడు. ఊపిరి తీస్తున్నాడు. వాణ్ణి వాటేసుకుని భోరుమంది.

"ఎలా వచ్చావురా?"

"అదేంటక్కా? నువ్వే కదా తలుపు తీసి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చావు."

"ఏ తలుపు?"

వాడు ముద్ద కలుపుతూ ఆగాడు. గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. గుర్తు రాలేదు.

మర్నాడు ఆమె మీటింగ్‌లో నోరు తెరవలేదు. మూల ఇల్లు కొలతల్లేకుండానే ఉండిపోయింది. ఎందుకోగానీ ఎవరూ అడగలేదు, ప్లాను ఆమోదం పొందింది. రెండేళ్ళ కష్టం ఫలించినందుకు అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం కట్లు కట్టిన వేళ్ళను ఒళ్ళో దాచుకుని కూర్చుంది. ఒకటే ఆలోచన. ఆ కన్నం మూయించెయ్యాలి. ఇచ్చిన మాట ఎవరికి గుర్తున్నా సరే, తలుపన్నది పెట్టకూడదు.

మధ్యాహ్నం ఎండలో తాపీమేస్త్రీని తీసుకెళ్ళింది. తమ్ముణ్ణి రావద్దంది. వాడు వినలేదు.

మేస్త్రీ వాకిట్లో సిమెంటు కలుపుతున్నాడు. చివరిగదిలో అక్కాతమ్ముళ్ళిద్దరే. కన్నంలోంచి ఎండ నేలమీద పడుతోంది. ఆటస్థలంలో పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. భయపడాల్సిందేమీ లేదు.

అప్పుడు కన్నం పక్కన, కూలని గోడలోంచి, ఒక గొంతు.

ఆడగొంతు. అరిచి అరిచి బొంగురుపోయింది. అయినా పోల్చుకోవడానికి ఆమెకు క్షణం కూడా పట్టలేదు. అది తన గొంతే.

"తమ్ముడూ... నిన్ను పంపించేశాను కదరా. నన్నెప్పుడు తీస్తావు?"

ఆమె తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాడు ఆ చేతివైపు చూశాడు. తర్వాత ఆమె మొహంలోకి చూశాడు, ముక్కూమొహం తెలియని మనిషిని చూసినట్టు. మెల్లగా ఒక్కో వేలూ విడిపించుకున్నాడు.

గోడకు చెవి ఆనించి, గుసగుసగా అన్నాడు.

"ఇక్కడే ఉన్నానక్కా. ఏడవకు... నీలా ఉన్న ఇది ఎవరో చూసి వస్తాను."