పన్నెండు వందల హెర్ట్జ్

"ఓడ కింద బాంబుంది" అన్నాడు ఫోన్లో చీఫ్ లోకనాథం, టీ చల్లారిందన్నంత తాపీగా.

మధ్యాహ్నం మూడున్నర. దీవిలో మిన్నీ బే ఒడ్డున ఒక చిన్న ఎఫ్.ఎం. స్టేషన్ కంట్రోల్ రూమ్‌లో, గ్రీజు మరకల చొక్కాతో, రిపేర్ టెక్నీషియన్ వేషంలో ఉంది ఏజెంట్ దుర్గ. కిటికీలోంచి చూస్తే రేవులో ఆగిన ఆ ఓడ కనిపిస్తోంది. లోపల ఆరువందల మంది.

"ఎవరి పని?"

"విదేశీ ముఠా. బాంబు ఈ స్టేషన్‌నే వింటోంది. పన్నెండు వందల హెర్ట్జ్ టోన్ మూడు సెకన్లు వినిపిస్తే పేలుతుంది. స్టేషన్ మూడు సెకన్లు మూగబోయినా పేలుతుంది. టోన్ ఎవరు పంపుతారో తెలీదు. సాయంత్రం ప్రోగ్రామ్‌లోనే పంపుతారు."

"జనాన్ని దించేస్తే?"

"వాళ్లకి తెలిసిపోతుంది. ముందే పేల్చేస్తారు. డైవర్లు నీళ్లలోకి దిగుతున్నారు, రెండు గంటలు పడుతుంది. ఈలోగా నీకో జామర్ పంపిస్తున్నా."

"జామ్ చేస్తే స్టేషన్ మూగబోతుంది సార్. మూగబోతే పేలుతుంది."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"అయితే జామర్ వాడొద్దు" అన్నాడు లోకనాథం, తనే కనిపెట్టినట్టు. "అక్కడ మన మనిషి బేబీరాణి ఉంది. ఆమెని నమ్ము."

దుర్గ అద్దం అవతలికి చూసింది. స్టూడియోలో గిటార్ శ్రుతి చేసుకుంటోంది బేబీరాణి. అనౌన్సర్, సింగర్, డిపార్ట్‌మెంట్ ముద్దుబిడ్డ. నాలుగు గోడల మధ్య కూడా చలువ కళ్లద్దాలు తియ్యని మనిషిని నమ్మే అలవాటు దుర్గకి లేదు.

ఆమె రిపేర్ సంచి తెరిచి బ్రెడ్‌బోర్డ్ తీసింది. చిల్లుల తెల్ల పలక. సోల్డరింగ్ అక్కర్లేదు, కాళ్లు గుచ్చితే చాలు. రెండు ఐసీ చిప్పులు, నాలుగు ట్రాన్సిస్టర్లు, గుప్పెడు కెపాసిటర్లు. గిటార్ వాళ్లు వాడే ఫేజర్ సర్క్యూట్.

సూత్రం తేలికే. వచ్చిన సౌండ్‌ని రెండు దారుల్లో పంపాలి. ఒకటి ఉన్నదున్నట్టు వెళ్తుంది. రెండోది నాలుగు మెట్లు ఎక్కుతూ మెట్టు మెట్టుకీ వెనకబడుతుంది. చివర రెండూ కలిసినప్పుడు ఏదో ఒక స్వరం దగ్గర ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఆ చావు పన్నెండు వందల దగ్గర జరగాలి. పాట ఆగదు. ఆ ఒక్క స్వరం మాత్రం బాంబు చెవిన పడదు.

మొదటిసారి పవర్ ఇస్తే గుయ్‌మని మోత తప్ప ఏమీ రాలేదు. నాలుగో మెట్టు కెపాసిటర్ ఒక చిల్లు పక్కన కూర్చుంది.

"పదిహేనేళ్ల సర్వీసు, చిల్లులు లెక్కపెట్టడం రాదు" అని తనని తనే తిట్టుకుంది.

నాలుగు యాభైకి ట్రాన్స్‌మిటర్ లైన్‌లో, సౌండ్ తెగకుండా, ఫేజర్ కలిపింది. దాని చివర పన్నెండు వందల స్వరాన్ని మాత్రమే కొలిచే మీటర్ తగిలించింది. స్పీకర్లో పాట అలలు అలలుగా ఊగింది. ఊగుతున్నంతసేపూ చచ్చే స్వరం మారిపోతుంటుంది; ఆ ఊపు ఆపి నాబ్‌ని పన్నెండు వందల దగ్గర నిలపాలి. అంతలో తలుపు తెరుచుకుంది.

"యే క్యా హై దీదీ?" బేబీరాణి చేతిలో చిన్న పిస్టల్. "లైన్‌లో ఏటి పెట్టావు?"

అబద్ధం వెతికే టైమ్ లేదు. దుర్గ నిజమే చెప్పింది.

"ఫేజర్ మేడమ్. మీ గిటార్ కోసమే. అలల్లాగ ఊగతాది."

బేబీరాణి బ్రెడ్‌బోర్డ్ మీదికి వంగింది. రంగురంగుల తీగల కుప్ప. పగలబడి నవ్వింది.

"బజార్లో రెడీమేడ్ దొరకదా? ఢిల్లీ వాళ్లు ఏజెంట్‌ని పంపుతారనుకుంటే మిస్త్రీని పంపారా! ఉండనీ. ఊగతా ఉంటే బానే ఉంది. ఆపావంటే కాల్చేస్తాను."

పిస్టల్ నడుముకి దోపుకుని స్టూడియోలోకి వెళ్లి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఐదింటికి డ్రమ్ ట్రాక్ మీద పాట ఎత్తుకుంది. చూపు మాత్రం అద్దంలోంచి దుర్గ మీదే.

ఊపు ఆగితే ఆమెకి తెలుస్తుంది. ఆగకపోతే టోన్ వెళ్లిపోతుంది. దుర్గ వేళ్లు ఊపునిచ్చే తీగ మీద ఉన్నాయి. కదల్లేదు.

ఐదూ పన్నెండు. బేబీరాణి కాలితో గిటార్ పెడల్ నొక్కింది. గిటార్లోంచి సన్నటి స్వరం సూదిలా లేచింది. మీటర్ ముల్లు పైకెగిరింది.

ఒకటి.

దుర్గ తీగ పీకేసింది. నాబ్ తిప్పింది. ముల్లు వణికింది.

రెండు.

వెంట్రుకవాసి వెనక్కి. ముల్లు చచ్చినట్టు సున్నా మీద పడింది. డ్రమ్ములు మాత్రం హాయిగా మోగుతున్నాయి.

మూడు. నాలుగు. ఐదు.

బేబీరాణి కిటికీ వైపు చూసింది. ఓడ చెక్కుచెదరలేదు, డెక్ మీద ఎవరో పిల్లకి గొడుగు పడుతున్నారు. మళ్లీ పెడల్ నొక్కింది. మళ్లీ నొక్కింది. చలువ కళ్లద్దాలు తీసేసింది. ఆ కళ్లలో ఇందాకటి నవ్వు లేదు. చెయ్యి నడుము దగ్గరికి వెళ్లేలోపే దుర్గ తలుపు తోసుకొచ్చి, మణికట్టు మెలిపెట్టి పిస్టల్ లాక్కుంది.

"మూర్ఖురాలా, దాన్నేం చేశావు?"

"చెప్పాను కదా మేడమ్, ఫేజర్. మీరే ఇన్లేదు."

ఐదూ ఇరవైకి డైవర్లు బాంబుని విప్పారు. ఐదూ ఇరవై రెండుకి లోకనాథం ఫోన్.

"ఆ బేబీరాణి మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. ఇంకో మాట. ఆన్‌లైన్లో రేడియో విన్నాను. గిటార్ నీళ్లలో ముంచి వాయించినట్టుంది. సౌండ్ విషయం కాస్త చూసుకోవాల్సింది."

"వచ్చేసారి బాంబు పెట్టేవాళ్లని మంచి గిటారిస్టుని తెచ్చుకోమంటాను సార్" అని దుర్గ ఫోన్ పెట్టేసింది.