సిలబస్‌లోకెక్కిన జెండాలు

"ఫోన్ ముట్టుకుంటే మిషన్ ఖతం," అన్నారు చీఫ్ వీరరాఘవరావు. "మన లైన్లన్నీ ఆ విదేశీ ముఠావాళ్ళు వింటున్నరు. జెండాలతో మాట్లాడుకోండి."

అలా ఒకప్పుడు నేవీలో జెండాలు ఊపి ఒక్కో ఇంగ్లీషు అక్షరం పలికించిన సిగ్నల్‌మ్యాన్, ఇప్పటి ఏజెంట్ జగదీశ్వర్, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో గ్రూప్స్ అభ్యర్థి వేషం కట్టి, కోచింగ్ సెంటర్లతో కిక్కిరిసిన అశోక్ నగర్ హాస్టల్లో దిగాడు. అల్లంత దూరంలో, చిక్కడపల్లి లాడ్జి డాబా మీద పార్ట్‌నర్ రేణుక బైనాక్యులర్స్‌తో కాపు కాసింది. విదేశీ ముఠాలో మన మనిషిగా ఉన్న నవత ఆదివారం పది గంటలకు తెల్లకారు తెస్తుంది. రేణుక అదెక్కి ముఠా డెన్‌కి వెళ్ళాలి. ఏదైనా తేడా కొడితే జగదీశ్వర్ జెండాలతో ఆపాలి. ఆమె ఈల వేస్తే లాడ్జి ముందు పాలవ్యాన్‌లో దాక్కున్న బాంబ్ స్క్వాడ్ దూకాలి.

అంతా బాగానే ఉంది గానీ, మొదటిరోజే మహానుభావుడు నోరు జారాడు.

"ఆ జెండాలేందన్నా?" అని ఆరేళ్ళుగా పరీక్షలు రాస్తున్న రూమ్మేట్ ఎల్లేశం అడిగితే, "సిలబస్‌ల కొత్తగ పెట్టిన్రు" అనేశాడు. అశోక్ నగర్‌లో అనాల్సిన మాటేనా అది! మూడోరోజుకల్లా జిరాక్స్ షాపుల్లో నోట్స్ దిగిపోయింది.

ఆదివారం. తొమ్మిది యాభై ఐదు. జగదీశ్వర్ హాస్టల్ డాబా మీది నుంచి తన బైనాక్యులర్స్‌తో లాడ్జి ముందు ఆగిన కారును చూశాడు. నల్లకళ్ళద్దాల నవత పక్కసీటు కింద టైమర్ బాంబు దోపి, నవ్వుకుంటూ దిగింది.

డబుల్ ఏజెంట్! రేణుక ఎక్కిందా, అంతే సంగతులు.

జెండాలు లాక్కుని ఎస్, టీ, ఓ, పీ అని ఊపాడు. ఊపితే ఏం లాభం? చుట్టూ డాబాల మీద నలభైమంది టవళ్ళతో ఏ నుంచి జెడ్ దాకా ఊపేస్తున్నారు. రేణుక బైనాక్యులర్స్ ఎక్కడా నిలవలేదు.

"ఆపండ్రా నాయనా!" అని అరిచాడు.

"గుస్సా ఎందుకన్నా? రివిజన్ జేసుకుంటున్నం," అన్నాడు ఎల్లేశం.

జగదీశ్వర్‌కి ఏడుపొక్కటే తక్కువ. నడిసముద్రంలో తుఫానులోనూ ఇంత పరేషాన్ పడలేదు. అక్కడ రేణుక వాచీ చూసుకుని మెట్లవైపు తిరిగింది.

ఒక్క దారే మిగిలింది. ఎల్లేశం చెవి దగ్గర నోరు పెట్టాడు.

"పేపర్ లీకైంది. ఎస్, టీ, ఓ, పీ. పక్కా వస్తది. ఎవ్వరికి చెప్పకు!"

అర నిమిషం పట్టలేదు. డాబాల మీది నలభైమందీ ఒక్కసారే ఎస్, టీ, ఓ, పీ అని ఊపారు.

చివరిసారి వెనక్కి చూసిన రేణుక, మెట్టు మీద పెట్టిన కాలు తీసేసింది. ఈల వేసింది. పాలవ్యాన్‌లోంచి బాంబ్ స్క్వాడ్ దూకి, కారు మీద పడి బాంబు వైరు తెంపేసరికి టైమర్లో రెండు సెకన్లున్నాయి. పారిపోబోయిన నవత నారాయణగూడ ఫ్లైఓవర్ ట్రాఫిక్‌లో, ఆటోలో కూర్చునే దొరికింది.

సాయంత్రం జగదీశ్వర్ ఛాతీ విరుచుకుని రేణుక ముందు నిలబడ్డాడు.

"నా సిగ్నల్ చూసే ఆగినవ్ గదా?"

"నలభైమంది చెప్పిన్రు గాబట్టి ఆగిన," అంది రేణుక. "నువ్వొక్కనివే ఊపితే కారెక్కేదాన్ని. నీ జెండాల రాత నాకెన్నడు సమజ్ కాలె."